మేళములు మ్రోగును, మాట పెగలదు

మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసములలో ఏ శుభదినమందైనను వనస్థలిపురము వీథులలో నడచి చూడుడు. ఫంక్షన్ హాలు గుమ్మమునకు అరటి బోదెలు కట్టబడియుండును. నిలువెత్తు ఫ్లెక్సీమీద పన్నెండేండ్ల బాలిక పట్టుపరికిణీయు క్రొత్త ఓణీయు ధరించి నవ్వుచుండును. ఆ బొమ్మక్రింద మేనమామల పేర్లు, పెదనాన్నల పేర్లు, డివిజను నాయకుల పేర్లు వరుస దీరియుండును. శుభలేఖలో ఒకరు 'పుష్పవతీ మహోత్సవ'మందురు, ఒకరు 'ఓణీల వేడుక' యందురు, మరియొకరు 'శారీ ఫంక్షన్' అందురు. సన్నాయి మ్రోగును. వందలకొలది విస్తళ్లు లేచును. వీడియో తీయబడును. బాలిక దేహమున కలిగిన మార్పు నల్లగొండనుండి వచ్చిన చుట్టములకు తెలిసినది. గుంటూరునుండి వచ్చిన చుట్టములకు తెలిసినది. కాలనీ కావలివానికిని తెలిసినది. తెలియనిది ఒక్క ప్రాణికే. ఆ ప్రాణి పీటమీద కూర్చున్న బాలిక.

తనకు కలిగినది ఏమో, ఏల కలిగినదో, మరల ఎన్నాళ్లకు వచ్చునో, వచ్చినపుడు ఏమి చేసికొనవలెనో ఆమెకు ముందుగా చెప్పినవారు లేరు. వచ్చిన పిదప చుట్టుముట్టినవారును 'అది ముట్టకు, ఇచట కూర్చుండకు, మగపిల్లలతో మాటాడకు' అని మూడు నిషేధములు విధించిరి గాని ఒక్క విషయమునైనను విప్పి చెప్పలేదు. కూతును దగ్గర కూర్చుండబెట్టుకొని ముందుగనే మంచిమాటలతో తెలియజెప్పు తల్లులు మనలో లేకపోలేదు. వారికి మా నమస్కారము. కాని వారు ఎందరు? ఈ పంక్తులు చదువుచున్న గృహస్థుడు తన యింటిని తలచుకొని తానే సమాధానము చెప్పుకొనుగాక.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఈడేరు వయసున దేహమునందును మనస్సునందును కలుగు మార్పులను గూర్చిన పాఠము ఆ మార్పులకు ముందే, ప్రాథమిక పాఠశాలలోనే, ఐదవ తరగతి ముగియు లోపలనే చెప్పబడవలెను. ఆడపిల్లలకు చెప్పవలెను, మగపిల్లలకును చెప్పవలెను. ఆలస్యమైన పాఠము చెప్పని పాఠముతో సమానము.

లెక్క చూతము. ఆడపిల్లలలో ఈ మార్పులకు ఆరంభము ఎనిమిది మొదలు పదుమూడేండ్ల నడుమ ఎప్పుడైనను కలుగవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. మగపిల్లలలో అది తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల నడుమ. మెదడునందలి సంకేతముచే దేహములోని గ్రంథులు మేల్కొని రక్తములోనికి తమ స్రావములను విడుచును. వానివలన ఎత్తు పెరుగును, రొమ్ములు ఏర్పడును, వెండ్రుకలు మొలచును, మగపిల్లలకు గొంతు మారును. ఈ మొదటి గుర్తులు కనబడిన రెండు మూడేండ్లకు బాలిక రజస్వల యగును. ఇది పడమటి వైద్యము మాత్రమే కాదు. రజస్సు పన్నెండవయేట ప్రవర్తించునని మన సుశ్రుతుడు ఏనాడో వ్రాసిపెట్టెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారమని చెప్పునది పది మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల కాలము. మన కేంద్ర ప్రభుత్వము 2014 జనవరిలో ఆరంభించిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమునకును ఆ పదవయేడే మొదలు. పదేండ్ల బిడ్డ ఎచట నుండును? ఐదవ తరగతి బల్లమీద నుండును.

మరి పాఠము ఎచట నున్నది? మన రాష్ట్రపు జీవశాస్త్ర గ్రంథములో కౌమారదశను గూర్చిన పాఠము ఎనిమిదవ తరగతికి పెట్టబడినది. పదుమూడేండ్లు వచ్చి, కావలసినది కాస్త జరిగిపోయిన పిదప ఆ పుట తెరువబడును! జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు 2025లో వెలువరించిన క్రొత్త విజ్ఞాన గ్రంథమున ఈ పాఠము ఏడవ తరగతికి దిగివచ్చినది. ఒక మెట్టు దిగినందుకు సంతోషమే. కాని దిగవలసిన మెట్లు ఇంకను రెండున్నవి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవన్న సామెత మన పాఠ్యప్రణాళికలను చూచియే పుట్టెనేమో!

ఈ ఆలస్యమువలన కలుగు దుఃఖము సామాన్యమా? పదకొండేండ్ల బాలికను ఒకతెను ఊహింపుడు. బడిలో గణిత పాఠము జరుగుచున్నది. కడుపులో నొప్పి. లేచి చూచుకొన్నచో బట్టపై నెత్తురు. నెత్తురనిన ఆమెకు తెలిసిన అర్థము ఒక్కటే: దెబ్బ, లేక రోగము. తాను చచ్చిపోవుదునేమో యని ఆ పసిమనస్సు వణకును. పంతులుగారితో చెప్పుటకు మాట తెలియదు. ప్రక్కనున్న స్నేహితురాలికి అంతకంటె తెలియదు. వెనుక బల్లనుండి మగపిల్లలు నవ్వుదురు. ఏల నవ్వుచున్నారో వారికిని తెలియదు. పదినిమిషముల పాఠము ముందుగా చెప్పియుండినయెడల ఆ భయము పుట్టియేయుండదు. ఆ పది నిమిషములు మన విద్యాశాఖకు దొరకలేదు, మన తండ్రులకు దొరకలేదు. ఫంక్షన్ హాలుకు మాత్రము ఆరునెలల ముందే బయానా ఇచ్చితిమి.

ఇక ఆక్షేపణలు. మొదటిది, పిల్లల అమాయకత్వము చెడునని. పెద్దలారా, అమాయకత్వము వేరు, అజ్ఞానము వేరు. పెరటి చెట్టు పూచినదని చెప్పిన బిడ్డ చెడునా? పాలపండ్లు ఊడి గట్టిపండ్లు వచ్చునని ఆరేండ్లవానికి చెప్పుచున్నాము గదా. చెప్పనిచో పన్ను ఊడిన దినమున వాడు ఏడ్చును. ఇదియు దేహధర్మమే, అదియు దేహధర్మమే. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో పలు దేశముల పరిశోధనలను కూర్చి 2018లో సవరించి ప్రకటించిన మార్గదర్శక గ్రంథము, ఇట్టి విద్యవలన పిల్లలు తొందరపడి తప్పుదారి త్రొక్కుట లేదని తేల్చినది. అదియునుగాక, మీరు మౌనము వహించినంతమాత్రమున లోకము మౌనముగా నున్నదా? 2020లో కరోనా దినములందు బడులు మూతపడి పాఠములు టీవీలోనికిని ఫోనులోనికిని వచ్చినవి. బడులు తెరచినారు, ఫోను మాత్రము పిల్లవాని చేతిలోనే నిలిచినది. తల్లిదండ్రులు చెప్పని మాట, పంతులు చెప్పని మాట, ఆ గాజుపలక చెప్పుచున్నది. అది చెప్పునది పాఠము కాదు, వికారము. మంచినీళ్ల బావి మూసినవాడు దాహమును చంపలేదు. మురుగుగుంటకు దారి చూపినాడు.

రెండవ ఆక్షేపణ: ఇది తల్లి చెప్పవలసినది, బడి చెప్పవలసినది కాదని. తల్లియే చెప్పవలెనని మేమును అంగీకరింతుము. కాని ఆ తల్లికి చెప్పినవారెవరు? డాక్టరు సమరముగారు స్వాతి వారపత్రికలో ఏండ్ల తరబడి పాఠకుల సందేహములకు సమాధానములు వ్రాసిరి. ఆ శీర్షికకు అంతటి ఆదరణ ఏల కలిగినది? పదేండ్లనాడు తెలియవలసిన సంగతిని పెండ్లియై పిల్లలు గల పెద్దలు ముప్పదవయేట ఉత్తరము వ్రాసి అడుగవలసివచ్చినందువలననే. తనకు తెలియని దానిని తల్లి తన బిడ్డకు ఎట్లు చెప్పగలదు? తెలిసిన తల్లికైనను తీరికయున్నదా? తెల్లవారుజామున లేచి నాలుగిండ్ల పనికి పోవు తల్లియు, దుకాణములో రాత్రి తొమ్మిదింటివరకు నిలిచియుండు తల్లియు ఈ పేటలోనే కలరు. తల్లిలేని బిడ్డలును కలరు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. మన రాష్ట్రమున గురుకుల పాఠశాలలలో ప్రవేశము ఐదవ తరగతినుండియే. పేదయింటి బిడ్డ ప్రవేశపరీక్ష వ్రాసి, సీటు దొరికినదని సంతోషముతో పెట్టె సర్దుకొని, పదవయేటనే తల్లిని విడిచి వసతిగృహమునకు పోవుచున్నది. సరిగా ఆ మార్పులు వచ్చు ఏండ్లలో ఆమెకు తల్లి ప్రక్కన లేదు. ఆ బిడ్డకు తల్లియే చెప్పవలెననువారు, ఎవరు చెప్పుదురో మాకు చూపింతురుగాక! ప్రభుత్వము బిడ్డను తన యింటికి తెచ్చుకొన్నప్పుడు తల్లి ధర్మమునుకూడ తానే వహింపవలెను.

మూడవ ఆక్షేపణ మిక్కిలి గంభీరముగా వినబడునది: మన సంస్కృతికిది విరుద్ధమట! ఏ సంస్కృతి? బాలిక రజస్వల కాకమునుపే పెండ్లి చేయవలెనా, అయిన పిదప చేయవచ్చునా యని మన తాతలు పందిళ్లు వేసి, శాస్త్రములు తెచ్చి, సభలలో గొంతులెత్తి వాదించుకొనిరి. 1891లో సమ్మతి వయోనిర్ణయ చట్టము పది సంవత్సరముల మేరను పన్నెండునకు పెంచినపుడు దేశమంతయు దానిని గూర్చియే మాటాడినది. 1897లో అచ్చైన గురజాడవారి 'కన్యాశుల్కము' పసిబిడ్డల విక్రయమును రంగస్థలమున నిలిపి సంఘమును సిగ్గుపడజేసినది. 1929లో శారదా చట్టము వచ్చినపుడు బాలికకు పదునాలుగేండ్లు చాలునా చాలవా యని ప్రతి యూరి రచ్చబండయు చర్చించినది. ఇన్ని చర్చలలో పెదవి విప్పనివారు ఒక్కరే: ఎవరి దేహమును గూర్చి చర్చ జరిగెనో ఆ బాలికలు. పండితుడు మాటాడవచ్చును, వకీలు మాటాడవచ్చును, పురోహితుడు ముహూర్తము పెట్టవచ్చును, ఫ్లెక్సీ కట్టువాడు నిచ్చెన ఎక్కి కట్టవచ్చును. ఉపాధ్యాయిని మాత్రము పాఠము చెప్పరాదా? ఇది సంస్కృతియా, కపటమా?

గాంధీమహాత్ముడు బ్రహ్మచర్యమునకు పెట్టిన పేరు. ఆయన 1936 నవంబరులో 'హరిజన్' పత్రికయందు ఈ విషయమును చర్చించుచు, జననేంద్రియముల ధర్మమును పిల్లలకు తగురీతిని తెలుపుట అవసరమేయని, ఆ బోధ నిగ్రహమును నేర్పునదిగా నుండవలెనని వ్రాసెను. నిగ్రహమునకు జ్ఞానము తోడని ఆయన ఎరుగును. చీకటిలో నడచువాడు నిగ్రహముతో నడచుట లేదు, తడవుకొని నడచుచున్నాడు.

ఇటీవలి చరిత్రయు చూడుడు. 2005లో కేంద్రమువారు కౌమార విద్యా కార్యక్రమమును తలపెట్టిరి. 2007 నాటికి పెక్కు రాష్ట్రములు దానిని త్రోసివేసెను. ఆ కార్యక్రమపు కొన్ని బొమ్మలును కొన్ని పుస్తకములును వయసునకు తగనివని కొందరు అభ్యంతరపెట్టిరి. బొమ్మ తగనిచో బొమ్మను మార్చవలెను. దీపము పొగచూరినదని ఇంటిని చీకటి చేయుదురా? 2009లో రాజ్యసభ అర్జీల సంఘము, మన నెల్లూరి వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన, ఈ విద్యకు పాఠశాలలలో చోటు కూడదనియు, కౌమార వికాసమును గూర్చిన పాఠములను ఇంటర్మీడియట్ స్థాయివరకు ఆపవలెననియు సిఫారసు చేసినది. నాయుడుగారి వాగ్ధాటియందును తెలుగు భాషాభిమానమునందును మాకు గౌరవము కలదు. కాని ఈ సిఫారసు ప్రకారము నడచినచో పదునాలుగేండ్లలోపల మొదలగు దేహపరిణామమును పదునారేండ్లకు చెప్పవలసివచ్చును. ఇది విద్యావిధానమా, మాసికమునాడు మందు తెచ్చుటయా?

ఆ నివేదిక వచ్చిన యేట పుట్టిన బిడ్డలకు పదునారేండ్లు నిండిన కాలమునకు, 2025 అక్టోబరు 8వ తేదీని, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సంజయ్ కుమార్, అలోక్ అరాధే గార్లు వేరొక మార్గము చూపిరి. ఉత్తరప్రదేశమునకు చెందిన ఒక బాలుని వ్యవహారమును విచారించుచు, ఈ విద్య తొమ్మిదవ తరగతినుండి కాక ఇంకను చిన్నవయసునుండియే చెప్పవలసినదనియు, ఈడేరినపుడు కలుగు మార్పులను, తీసికొనవలసిన జాగ్రత్తలను పిల్లలకు తెలుపుటకై అధికారులు ఆలోచింపవలెననియు వారు పలికిరి. న్యాయస్థానము పలికినది. మన విద్యాశాఖ చెవిని పడినదా?

2012లో వచ్చిన పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు బిడ్డలందరికిని రక్షణ కల్పించినది. చట్టము గొప్పది. కాని తన దేహభాగమునకు పేరు తెలియని బిడ్డ, తనకు జరిగినది తప్పని తెలియని బిడ్డ, ఆ చట్టమును ఎట్లు పిలుచును? మాటలేనివానికి న్యాయస్థానపు తలుపు గోడతో సమానము. వనస్థలిపురపు అంచుననే మహావీర హరిణ వనస్థలి యున్నది. ఒకప్పుడది నిజాము ప్రభువుల వేటభూమి. నేడు లేళ్లకు అభయస్థానము. లేడికి కంచె చాలును. బిడ్డకు కంచె చాలదు, మాట కావలెను.

మగపిల్లల సంగతి ఎవ్వరును తలపరు. వానికి గొంతు బొంగురుపోవును, మొగమున మొటిమలు లేచును, నిద్రలో సహజస్రావము కలుగును. తనకేదో రోగము వచ్చినదని వాడును భయపడును. ఆ భయముపై ఒక వ్యాపారమే సాగుచున్నది: రైలుకట్టల గోడలపై 'నరముల బలహీనత'కు మందులిత్తుమను ప్రకటనలు ఎవరి డబ్బుతో వెలసినవి? చిన్ననాడు ఒక్క వాక్యము వినని మగవారి డబ్బుతోనే. ఆడపిల్లల సంగతి వానికి తెలియనందుననే వాడు తోటి బాలికను చూచి నవ్వుచున్నాడు. తెలిసిన నాడు తన చెల్లెలికి నీళ్లందించును.

ఈ మౌనమునుండి మరియొక కీడు పుట్టుచున్నది. 'పెద్దమనిషి' యైనదను మాటను మనవారు అక్షరాల నమ్ముచున్నారు. పన్నెండేండ్ల పసిదానిని ఒక్క దినములో పెద్దమనిషిని చేసి, మరుసటి యేటినుండి సంబంధములు వెదుకువారు నేటికిని కలరు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడుడు. ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు తెలంగాణమున నూటికి 23.5, ఆంధ్రప్రదేశమున 29.3! శారదా చట్టమునకు తొంబదియేండ్లు నిండిన పిదపటి లెక్కలివి. రజస్వల యగుట పెరుగుదలలో ఒక మెట్టేగాని పెండ్లికి యోగ్యత కాదనియు, ఎముకలును కటిభాగమును ఇంకను పెరుగవలసియున్నవనియు, రక్తహీనత లేకుండ తినవలెననియు ఆ పాఠమే చెప్పవలెను. ఆ మాట బిడ్డకు తెలిసిననాడు ఇంట తానే అడ్డు చెప్పగలదు.

నాలుగవ ఆక్షేపణ యొక్కటే మాకు బరువైనదిగా తోచుచున్నది: చెప్పు ఉపాధ్యాయుడు యోగ్యుడు కావలెనని. నిజము. వెకిలినవ్వుతో చెప్పిన పాఠము విషము. అందుచేత మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. నాలుగవ తరగతిలో దేహభాగముల పేర్లు, శుభ్రత, తన దేహముపై ఇతరులకు హక్కు లేదను సంగతి చెప్పవలెను. ఐదవ తరగతిలో పెరుగుదల, ఋతుస్రావము, గొంతు మార్పు, మనస్సులోని చికాకులు చెప్పవలెను. అంతకుమించి ఆ వయసున అక్కరలేదు. చెప్పు ఉపాధ్యాయులకు ముందుగా శిక్షణ కావలెను. ఉపాధ్యాయిని లేని బడికి నర్సమ్మనుగాని, బస్తీ దవాఖానా డాక్టరునుగాని పిలువవలెను. పాఠమునకు ముందు తల్లులను పిలిచి ఆ పాఠమును వారికే మొదట వినిపింపవలెను. అప్పుడు తల్లికి బడి పోటీ కాదు, తోడు. 2024లో ప్రభుత్వము మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచి బడిగోడలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు చూడుమన్నది. మరుగుదొడ్డికి తలుపును, నీళ్లను, ప్యాడ్లను చూచు ఆ తల్లులే ఈ పాఠమునకును కావలి కావచ్చును. పాఠము చెప్పి, నీళ్లులేని మరుగుదొడ్డి చూపుట బిడ్డను అవమానించుటయే.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పెద్దలు ఎక్కువమంది తండ్రులు. 'ఇది ఆడువారి సంగతి' యని పుట త్రిప్పబోవుచున్నారేమో! శుభలేఖ మీ పేరుననే అచ్చైనది. విందుకు డబ్బు మీదే. కావున మాటకును మీరే పూచీ. జూను మాసమున బడులు తెరచినపుడు ఫీజు ఎంతయని అడుగుదురు, బస్సు వచ్చునా యని అడుగుదురు, ర్యాంకులెన్ని యని అడుగుదురు. ఈసారి ప్రధానోపాధ్యాయుని మరియొక ప్రశ్న అడుగుడు: 'మా బిడ్డ ఐదవ తరగతి దాటకమునుపు ఈ పాఠము చెప్పుదురా?' దిల్‌సుఖ్‌నగరు మొదలు వనస్థలిపురము వరకు ప్రతి తండ్రియు ఒక్కసారి అడిగినచో, ఏ బడియు రెండవ యేడు మౌనముగా నుండజాలదు.

వేడుకలు మానుడని మేము చెప్పుట లేదు. బిడ్డ పెరుగుట సంతోషమే. సంతోషమునకు సన్నాయి తగును. కాని మేళగానికి కబురు పంపుటకు మునుపు బిడ్డకు కబురు చెప్పుడు.